సైలసు భుజం

రెండో పాట మూడో చరణంలో ఉంది. ఇది కాగానే ప్రార్థన, ప్రార్థన కాగానే సాక్ష్యాలు, సాక్ష్యాలప్పుడు లేచి నిలబడాలి అనుకుంటూ కాంతమ్మ పెదవులు మాత్రం కదిలిస్తోంది. గొంతు నుంచి రాగం రావడం లేదు. రేకుల కింద రెండు ఫ్యాన్లు వేడిని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తోస్తున్నాయి. పదకొండుంపావు. వేదిక వెనుక గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుందని అమరచింతలో ఈ మందిరానికి వచ్చే వాళ్లందరికీ తెలుసు, అయినా ఆమె కళ్లు దాని ముల్లు మీదే ఉన్నాయి, పన్నెండు లోపల కావాలి, పన్నెండు దాటితే చెప్పినా ఒకటే చెప్పకున్నా ఒకటే. వెనక్కి తిరిగి చూడకూడదు. వెనుక గుమ్మం పక్కన, చెప్పుల వాసన వచ్చే చోట, చివరి చాప మీద ఆమె కూతురు సరిత కూర్చుని ఉంది. మూడు ఆదివారాల నుంచి అక్కడే కూర్చుంటోంది. అంతకుముందు ఇరవై ఏళ్లు తల్లి మోకాలికి మోకాలు ఆనించి, ఒక్క పాటల పుస్తకం ఇద్దరి ఒళ్లలో పెట్టుకుని కూర్చున్న పిల్ల. రాను అని మొండికేసినా బాగుండేది. రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టే అని వస్తోంది, ముసుగు సరిచేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా. ఆ రావడమే కాంతమ్మ వీపు మీద వాతలాగా ఉంది.

ఆమె గుండె ఎప్పుడూ అంతే. ఫోన్ మోగితే మొగుడు సాంసన్ పూనాలో పరంజా మీంచి పడ్డాడనే. పరంజా ఎక్కడం మానేసి, గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్‌గా కూర్చోబట్టి నాలుగేళ్లయినా, ఫోన్ మోగితే పరంజాయే. బిడ్డ వనపర్తి కాలేజీ నుంచి వచ్చే బస్సు పావుగంట ఆలస్యమైతే బోల్తా పడ్డ బస్సు, అద్దాలు, రోడ్డు మీద ఒక చెప్పు. జూరాల డ్యాం గేట్లు ఎత్తారని ఎవరన్నా అంటే చాలు, ఆ నీళ్లలో తనకు తెలిసిన ఒక ఓణీ రంగు. ఇవన్నీ మనసులోనే జరిగి మనసులోనే పోయేవి, ఎవరికీ నష్టం లేకుండా. పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేది, పిల్ల ఇంట్లోకి రాగానే కళ్లు తుడుచుకుని, ఇంతసేపా అని తిట్టేది, అంతటితో అయిపోయేది. ఈసారి మాత్రం మనసులోది మైకులో చెప్పింది. మైకులో. ఆ మందిరం పైన బయటికి తిప్పి కట్టిన స్పీకరు కూడా ఉంది, బస్టాండు దాకా వినిపిస్తుంది.

బిడ్డ సంచి ఉతుకుదామని లోపలి వస్తువులు తీసింది, తప్పు అక్కడ మొదలైంది. కాదు, సంచి ఉతకడంలో తప్పేముంది, చదవడంలో ఉంది. ఏడో తరగతి దాకా కోడేరు హాస్టల్లో చదివిన తెలుగు అది, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నీలం అట్ట నోట్‌బుక్కు. ఎనిమిది గుంపులు గీతలు కొట్టి ఉన్నాయి, ఒక్కో గుంపు మీద తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని రాసి ఉంది, మళ్లీ కింద తూర్పు, పడమర. గుంపుకు నలుగురు. కేలబ్. మైకా. జోషువ. ఎలైజా. వయసు ఇంత. పదికి ఇన్ని మార్కులు. పక్కన బిడ్డ చేతిరాత, తనకన్నా చక్కని గుండ్రటి చేతిరాత: ‘చేయి బలం ఉంది, ఓపిక లేదు. ఎదురొస్తే నిలబడడు.’ ‘దూరం చూపు ఉన్నవాడు, పక్కనున్న వాళ్లను పట్టించుకోడు.’ ‘ఇరవై మూడేళ్లే. మొదటి తప్పుకే మొహం వాడిపోతుంది, అయినా రెండేళ్లు ఓపిక పడితే తూర్పులో వీడిని మించినవాడు ఉండడు.’ దక్షిణంలో నలుగురినీ చదివి, పడమరలో నలుగురినీ చదివి, వీడికీ వాడికీ పోలిక పెట్టి, బాణం గుర్తులు గీసి, ముప్పై రెండు మంది మగవాళ్లు. అన్నీ మన బైబిలు పేర్లే. మొన్న ఎండాకాలం నాగర్‌కర్నూల్‌లో మూడు రోజులు యూత్ కూటాలు జరిగాయి, నాలుగు దిక్కుల నుంచీ పిల్లలు వచ్చి గుంపులు గుంపులుగా పాటలు పాడారు, సరిత పోయింది, తనే బియ్యం కట్టి పంపింది. అంటే అక్కడ. ముప్పై రెండు మందినా? కాంతమ్మ చేతిలో సబ్బు నీళ్లు నోట్‌బుక్కు మీద కారుతుంటే అలాగే నిలబడిపోయింది. తెల్లవారుజామున ఐదున్నరకు లేచి ఫోన్ ముందు పెట్టుకుని నవ్వుకునేది ఇందుకా. ‘అబ్బ, సైలసు!’ అని ఒకసారి అననే అంది, చాయ్ గ్లాసు చేతిలో ఉండగా.

ఇంటికొచ్చిన పిల్లను అడగొచ్చు కదా. ఏందే ఇది, అని. నాలుగు మాటలు. అడిగితే నిజం చెబుతుందేమో అని భయం వేసింది. ఆ నిజం ఎంత పెద్దదో అప్పటికే ఊహించుకుని ఉంది, దాన్ని ఒంటరిగా మోయలేననుకుంది. ఆదివారం సాక్ష్యాల వేళ, పుష్పమ్మ తన మనవరాలి జ్వరం తగ్గిన సంగతి చెప్పి మైకు ఇస్తే, కాళ్లు వాటంతట అవే లేచాయి. అయ్యగారూ, నా బిడ్డ కోసం ప్రార్థన చేయండ్రి, ముప్పై రెండు మంది మొగపిల్లల పేర్లు రాసుకుంది, ఒక్కొక్కనికి మార్కులేసుకుంది, నాకు బుగులైతుంది. పక్కనే ఉంది సరిత, పాటల పుస్తకం ఒళ్లో. పాస్టరు ఇమ్మానుయేలయ్య దిగి వచ్చి, ఆయన భార్య ప్రేమలతమ్మ వచ్చి, ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చి చుట్టూ నిలబడి పిల్ల తల మీద చేతులు పెట్టారు. అన్ని చేతుల బరువుకు తల వంగింది. ఆ వంగిన మెడ వెనుక చిన్న పుట్టుమచ్చ కనిపించింది, పుట్టినప్పుడు కాంతమ్మ మొదట చూసిన మచ్చ. తను కూడా చేయి పెట్టింది. అందరి చేతుల మీద తన చేయి.

ఎవరికన్నా చెడు చేసినప్పుడు మనిషికి సిగ్గు వస్తుంది. తనకు వచ్చిన సిగ్గు అలాంటిది కాదు, మేలు చేస్తున్నానని ఏడుస్తూ చేసినదానికి వచ్చింది, దాన్ని ఎక్కడ కడగాలో తెలియడం లేదు. తర్వాత తను తెచ్చి ఇచ్చిన నోట్‌బుక్కు దేవుని సన్నిధిలో ఉండనీ అని పాస్టరయ్య వేదిక మీది బల్లగుడ్డ కింద పెట్టాడు. శుక్రవారం ఉపవాస కూటంలో ప్రేమలతమ్మ ఆ పేర్లను పంచింది, ఎనిమిది మంది ఆడవాళ్లు, మనిషికి నలుగురు, ఆ పిల్లలకు కూడా మంచి బుద్ధి రావాలి కదా అని. కాంతమ్మకు రెండో దక్షిణం వచ్చింది. ముగ్గురి పేర్లు నోరు తిరగలేదు. నాలుగోది సైలసు. ముప్పై ఎనిమిదేళ్లు. కూటానికి పోయిన కుర్రాడు కాదన్నమాట, పెద్దవాడు, ఇంకా భయం. కానీ బిడ్డ రాసింది చదివితే భయం నిలవలేదు. ‘కుడి భుజం పోయింది. ఎవరికీ చెప్పడు. అలవాటు మీదే విసురుతున్నాడు. ఇంకొక్క ఏడాది. అయినా తొమ్మిది మార్కులు.’ మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టకుండా మోకాళ్ల మీద ఉండి, ఆ ఎవరో సైలసు భుజం కోసం ప్రార్థన చేసింది. మూడు శుక్రవారాలు. ఏడ్చింది కూడా.

పాట అయిపోయింది. ప్రార్థన. అందరూ కళ్లు మూసుకున్నారు. పక్కన విజయమ్మ జరిగి కూర్చుంది, మూడు వారాలుగా అలాగే జరుగుతోంది, చీర అంచు తగలకుండా. విజయమ్మ కొడుకు పేరు జోషువ. మొదటి వారమే నీళ్ల ట్యాంకు దగ్గర పట్టుకుంది. ‘రాస్తే రాసింది గని కాంతక్కా, మా జోషువకు నాలుగు మార్కులేనా? వాడు ఐటీఐ పాసైండు!’ అప్పుడు నవ్వు వచ్చి, నవ్వినందుకు మళ్లీ ఏడుపు వచ్చింది. ఆటోస్టాండు దగ్గర పిల్లలు నవ్వుతున్నది మాత్రం వేరు. సరిత పర్వేజ్ నెట్ సెంటర్‌కు పనికి పోయే దారి అదే. ముప్పై రెండూ, అని ఒకడంటాడట, ముప్పై మూడోది ఖాళీ ఉందా, అని ఇంకొకడు. ఇప్పుడు ఆ పిల్ల మసీదు వెనుక సందు నుంచి చుట్టూ తిరిగి పోతోంది. ఇంట్లో వండుతుంది, వడ్డిస్తుంది, నాయిన ఫోన్ చేస్తే బాగున్న అంటుంది. తెల్లవారుజామున లేవడం మానేసింది. ఆ ఐదున్నర వేళ నిశ్శబ్దం విని కాంతమ్మ లేచి కూర్చుంటోంది.

నిన్న సాయంత్రం అఫ్రీన్ రాకపోతే ఇంకా ఏమీ తెలిసేది కాదు. పర్వేజ్ చెల్లెలు, సరితతో కలిసి సెంటర్‌లో కూర్చునే పిల్ల. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది, లోపలికి రమ్మన్నా రాలేదు, కోపంగా ఉంది. ‘ఆంటీ, గా పేర్లున్నోళ్లు ఎవ్వరు లేరు.’ లేరంటే? కాంతమ్మ ఎదురు అడిగింది. ‘సచ్చిపోయిండ్రా బిడ్డా?’ అఫ్రీన్ కోపం మధ్యలో నవ్వేసింది. ‘సచ్చుడు కాదాంటీ, పుట్టనే లేదు! కంప్యూటర్ తయారు చేసింది గంతే.’ తర్వాత నిదానంగా చెప్పింది, చిన్నపిల్లకు చెప్పినట్టు. అమెరికాలో ఆడే ఫుట్‌బాల్ అట, కాలితో తన్నేది కాదు, చేత్తో విసిరేది. అది నిజంగా ఆడరు, కంప్యూటరే ఆడుతుంది, వారానికి ఒకసారి ఎవరెవరు ఎంత దూరం విసిరారో అంకెలు వస్తాయి. దేశదేశాల వాళ్లు ముప్పై రెండు మంది తలా ఒక జట్టు పెట్టుకున్నారు. జట్టుకు ఒక్కడు విసిరేవాడు, క్వార్టర్‌బ్యాక్ అంటారు, వాడు సరిగ్గా ఉంటేనే జట్టు. ప్రతి ఏడూ ఎనిమిది గుంపుల విసిరేవాళ్లనూ పక్కపక్కన పెట్టి ఎవడు ఎవడికన్నా మేలో రాసేది మన సరిత. ముందు తెలుగులో నోట్‌బుక్కులో రాసుకుంటుంది, తర్వాత ఇంగ్లీషులో కొడుతుంది. ‘అంకెలు అందరికీ వస్తయ్ ఆంటీ. గా అంకెల్ల మనిషిని సూసేది ఇదొక్కతే. దాని కోసం ఎదురుచూస్తరు, తెల్సా?’ ఆమె జట్టు పేరు జూరాల. బ్రెజిల్‌లో ఎవడో జూరాల జూరాల అని రాస్తాడట. అంతా చెప్పి, చివరకు చెప్పింది. సరిత వెళ్లిపోతున్నానని వాళ్లకు ఉత్తరం పెట్టింది. రేపు ఆదివారం పన్నెండు గంటలకు జూరాలను ఇంకెవరికో ఇచ్చేస్తారు. ‘వద్దే అంటే ఇంటలేదు. మా అమ్మ మైకుల చెప్పింది, ఇంగ ఏం మొహం పెట్టుకొని రాయాలె, అంటది. ఒప్పుకోవల్సింది మీరు ఆంటీ. అదే మైకుల.’

అంకెల్లో మనిషిని చూడటం. రాత్రి అది ఆలోచించబోయి ఇటుకలు గుర్తొచ్చాయి. అప్పటికి తనకు పద్దెనిమిది, పూనాలో మేస్త్రీ కింద గుంపుతో పని. కింద నిలబడి ఇటుకలు పైకి విసిరేవాళ్లు ముగ్గురు నలుగురు, పరంజా మీద పట్టుకునే ఆడవాళ్లు. ఒకడు బలం చూపిద్దామని విసిరితే ఇటుక అరచేతిని కోసుకుంటూ వచ్చేది. ఒకడికి భయం, సగం దాకా వచ్చి పడిపోయేది. సాంసన్ విసిరితే ఇటుక పైకి వచ్చి, పట్టుకునే చేతుల ముందు ఒక్క క్షణం ఆగినట్టు ఉండేది. బరువే లేనట్టు. వాడు ఇటుకను చూసేవాడు కాదు, చేతులను చూసేవాడు. మధ్యాహ్నం సద్దన్నం తినేటప్పుడు ఆడవాళ్లందరూ మార్కులు వేసేవాళ్లు, ఈ బిల్డింగు వాడికన్నా ఆ బిల్డింగు వాడు మేలు, వాడికి చేయి ఉంది గానీ ఓపిక లేదు, వీడు మేస్త్రీ అరిస్తే చాలు గురి తప్పుతాడు. అవే మాటలు. అచ్చం నోట్‌బుక్కులో ఉన్న మాటలు. అప్పుడు ఎవరూ ఆమె తల మీద చేతులు పెట్టలేదు. సాంసన్‌కు తను పదికి పది వేసింది, వేసి చేసుకుంది. పదిహేనేళ్లు విసిరాక ఆ భుజం పోయింది. ఎవరికీ చెప్పలేదు. పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నీళ్ల చెంబు ఎడమ చేత్తో ఎత్తడం తను చూసింది, చూసి పరంజా అనుకుని ఏడ్చింది. బిడ్డ కూడా చూసిందన్నమాట. బిడ్డ ఏడవలేదు. సైలసు పేరు మీద తొమ్మిది మార్కులు వేసింది.

ఆమెన్, అన్నారు అందరూ. కాంతమ్మ కూడా అంది, ఆలస్యంగా, ఒక్కతే.

‘సాక్ష్యం చెప్పేవారు ఉంటే ముందుకు రండి,’ అన్నాడు పాస్టరయ్య. కాళ్లు లేవలేదు. మొన్న వాటంతట అవే లేచిన కాళ్లు, ఈ రోజు చాపకు కుట్టేసినట్టు. పదకొండు ముప్పై అయిదు, అంటే ముప్పై. జాన్ తన దగ్గు తగ్గిన సంగతి చెప్పాడు. పుష్పమ్మ మనవరాలికి మళ్లీ జ్వరం వచ్చిందని చెప్పింది. ఇంకెవరైనా, అని పాస్టరయ్య బైబిలు తెరవబోతున్నాడు. తను లేవకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. బిడ్డ వండుతుంది, వడ్డిస్తుంది. ఇన్నేళ్లూ ఊహించుకున్న ఘోరాల్లో ఒక్కటీ ఇంత నెమ్మదిగా లేదు. కాంతమ్మ విజయమ్మ భుజం పట్టుకుని లేచింది, విజయమ్మ జరగబోయి జరగలేకపోయింది.

ముందుకు పోయి మైకు అందుకుంది. ‘అయ్యగారూ, మొన్న నేను చెప్పింది అబద్ధం.’ స్పీకరులో తన గొంతు బస్టాండు వైపు పోవడం వినిపించింది. పోనీ, అక్కడికే పోవాలి. ‘నా బిడ్డ ఏ తప్పు చెయ్యలే. గా ముప్పై రెండు మంది యాడ లేరు. గది ఆట. బంతి ఇసిరేటోళ్లు. ఎవ్వడు మంచిగ ఇసురుతడో లెక్క జూసి రాస్తది. నాకు తెల్వక, అడగక, బుగులుకు చెప్పిన.’

పుష్పమ్మ గట్టిగా అడిగింది, మైకు లేకుండానే. ‘లేరా? మరి నేను మైకా మోకాలికి మూడు వారాలు ఉపాసమున్న గదనే!’

మగవాళ్ల వైపు నుంచి నవ్వు లేచింది, ఆడవాళ్లలోకి పాకింది. విజయమ్మ కింద నుంచి, ‘అయితే మా జోషువ కాదా గాడు? హమ్మయ్య, నాలుగు మార్కులోడు వేరే!’ అంది. ప్రేమలతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాస్టరయ్య మొహం ఎర్రబడి, ‘సరే కాంతమ్మా, కూసో, దేవుడు హృదయాలు ఎరిగినవాడు’ అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఒంటి మీద బట్టలు లేనట్టు ఉంది. ఇంతే కదా, మొన్న పిల్లకు ఇంకా ఎక్కువై ఉంటుంది.

‘మొగోళ్లకు మార్కులేసింది నేను. మా ఆయనను ఇటుక ఇసిరేది సూసే చేసుకున్న. నాకెవ్వరు ప్రార్థన చెయ్యలే,’ అంది. నవ్వు ఆగిపోయింది. ఇంకేదో చెప్పాలని వచ్చింది, అది మైకులో చెప్పేది కాదు. వేదిక మెట్టు ఎక్కి, బల్లగుడ్డ ఎత్తి, నీలం అట్ట నోట్‌బుక్కు తీసుకుంది.

మధ్య దారి వెంట నడుస్తుంటే పేజీలు విడిపోయాయి. ప్రతి పేరు పక్కనా ఎర్ర ఇంకుతో టిక్కులు, ప్రార్థన అయినట్టు గుర్తుకు ప్రేమలతమ్మ పెట్టినవి. సైలసు పక్కన మూడు. చివరి చాప దాకా ఎంత దూరమో అంత దూరం అందరి కళ్లూ వచ్చాయి. సరిత తల ఎత్తలేదు. నవ్వు లేదు, ఏడుపు లేదు. కాంతమ్మ చెప్పుల పక్కన నేల మీదే కూర్చుని నోట్‌బుక్కు ఆమె ఒళ్లో పెట్టింది. క్షమించు అనే మాట రాత్రంతా నోట్లో తిప్పి తిప్పి పెట్టుకుంది. అది రాలేదు.

‘సైలసు భుజం ఎట్లున్నదే?’

సరిత వేలు ఎర్ర టిక్కుల మీద ఆగింది. ఒకటి, రెండు, మూడు. మెల్లగా, ‘తెల్వదు. సూసి మూడు వారాలాయె,’ అంది.

‘పర్వేజ్ సెంటర్ తెరిచే ఉంటది. పన్నెండు గాలే.’

మొదటిసారి పిల్ల మొహం ఎత్తి చూసింది. అందులో కోపం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. నోట్‌బుక్కు గుండెకు పట్టుకుని లేచింది, గుమ్మంలో ఎండలోకి దిగి చెప్పులు వెతుక్కుంది. కాంతమ్మ చెవి పెట్టి విన్నది. అడుగుల చప్పుడు మసీదు సందు వైపు పోలేదు, తిన్నగా ఆటోస్టాండు వైపు పోయింది. మళ్లీ కళ్ల ముందు లారీ, బస్సు, ఆ పోకిరీ పిల్లలు. లేవబోయి ఆగింది.

పాస్టరయ్య వాక్యం మొదలుపెట్టాడు. ఒకరొకరుగా వెనక్కి తిరిగి చూస్తున్నారు, చూడనీ. ఆమె చెప్పుల పక్కనే కూర్చుని కళ్లు మూసుకుంది. ముందుగా నోట్లోకి వచ్చింది అలవాటైన సైలసు పేరే. లేని మనిషి. భుజం మాత్రం ఆమెకు తెలుసు.